కోడి రామమూర్తి నాయుడు

కోడి రామమూర్తి నాయుడు (1882 - 1942) సుప్రసిద్ధ తెలుగు మల్లయోధుడు, బలప్రదర్శకుడు. కలియుగ భీముడు, ఇండియన్ హెర్క్యులెస్ అనే బిరుదులతో ప్రఖ్యాతుడు. ఆ కాలంలో భారతదేశంలో దేహబలమే జీవనోపాధిగా గలవారికి సర్కస్ డేరా ఒక ముఖ్య వేదికగా ఉండేది. ఆ వేదికపై అఖిల భారత ఖ్యాతి పొందిన తొలితరం తెలుగువారిలో ఈయన అగ్రగణ్యుడు.

బాల్యం, విద్య

రామమూర్తి నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని వీరఘట్టంలో జన్మించాడు. ఈ గ్రామం శ్రీకాకుళం జిల్లాలో ఉండేది; 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. చిన్ననాటనే తల్లిని కోల్పోవడంతో విజయనగరంలో పోలీసు ఉద్యోగి అయిన పినతండ్రి నారాయణస్వామి వద్ద పెరిగాడు. అక్కడి వ్యాయామశాలలో దండీలు, బస్కీలు, కుస్తీ అభ్యసించాడు. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, తిరిగి వచ్చి విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేశాడు.

సర్కస్ జీవితం

పొట్టి పంతులు సహకారంతో రామమూర్తి సర్కస్ సంస్థను స్థాపించి దేశమంతటా పర్యటించాడు. ఉత్తర భారతంలో ఈయన ప్రొఫెసర్ రామమూర్తిగా ప్రసిద్ధుడు. ఛాతీకి చుట్టిన ఉక్కు గొలుసును ఊపిరి బిగించి తెంచడం, రెండు మోటారు కార్లను గొలుసులతో భుజాలకు కట్టించుకొని కదలకుండా నిలపడం, ఛాతీపై ఏనుగును నడిపించుకోవడం ఈయన ప్రదర్శనలలో ముఖ్యమైనవి.

ఏనుగు ప్రదర్శనలో ఛాతీపై చెక్క పలకను ఉంచేవారు. పలక వలన బరువు ఒకేచోట పడక విస్తరిస్తుంది. అయినప్పటికీ ఏనుగు దాటే క్షణాలలో ఊపిరి సడలితే పక్కటెముకలు విరిగే ప్రమాదం ఉంది. అందువలన ఈ విద్యకు కండబలం ఎంత అవసరమో శ్వాస నియంత్రణ కూడా అంతే అవసరం. తన బలానికి ప్రాణాయామమే మూలమని రామమూర్తి భావించేవాడు. ఈయన శాకాహారి.

నాటి పరిస్థితులు

1905లో వంగ విభజనకు వ్యతిరేకంగా స్వదేశీ ఉద్యమం ఆరంభమైంది. భారతీయులు దుర్బలులనే పాలకుల అభిప్రాయానికి సమాధానంగా పలు ప్రాంతాలలో వ్యాయామశాలలు వెలిశాయి. జర్మనీకి చెందిన యూజీన్ శాండో పద్ధతులు విరివిగా ప్రచారమవుతున్న ఆ రోజులలో, దేశీయ వ్యాయామంతోనే అంతటి బలం సాధ్యమని రామమూర్తి నిరూపించాడు. అందుచేత ఈయన ప్రదర్శనలు వినోదానికే పరిమితం కాక జాతీయాభిమానానికి ప్రతీకలైనాయి. బాలగంగాధర తిలక్ ఈయనను ప్రోత్సహించాడు.

చివరి దశ

రామమూర్తి విశేషంగా ధనం ఆర్జించినా దానధర్మాలకు ఉదారంగా ఖర్చు చేశాడు. కాలికి వచ్చిన పుండు ముదరడంతో శస్త్రచికిత్స చేసి కాలు తొలగించవలసి వచ్చింది. మత్తుమందు తీసుకోకుండా, ప్రాణాయామంతోనే ఆ బాధను భరించాడని చెబుతారు. దేహమే ఆస్తిగా బ్రతికిన వ్యక్తికి దానితో ప్రదర్శనలు ముగిశాయి. చివరి రోజులు ఒడిషాలోని పాట్నా సంస్థానపు రాజధాని బలంగీర్‌లో గడిపి, 1942లో అక్కడే మరణించాడు. ఈ పాట్నా, బీహారు రాజధాని పాట్నా వేర్వేరు.

స్మారకాలు

శ్రీకాకుళంలోని క్రీడా మైదానానికి ఈయన పేరు పెట్టారు. విశాఖపట్నం సముద్రతీరంలో ఈయన విగ్రహాన్ని ప్రతిష్ఠించారు. ఉత్తరాంధ్రలో నేటికీ బలశాలియైన వ్యక్తిని రామమూర్తితో పోల్చడం వినవస్తుంది.