సుబ్బారావు గారి రెజ్యూమె

పోయిన నెల మా పిన్ని కొడుకు భీమవరం నుంచి వచ్చి మా ఇంట్లో దిగాడు. పద్దెనిమిదేళ్ళు. ఇంటర్ పాసైనవాళ్ళని తీసుకునే ఒక కంపెనీలో, రాయదుర్గం మెట్రో దగ్గర, సోమవారం ఇంటర్వ్యూ. వాణ్ణి తయారుచేసే పని నాకు పడింది. కూర్చునే తీరు, ఇస్త్రీ చొక్కా, ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడటం అన్నీ రెండ్రోజుల్లో వచ్చేశాయి. నీ గురించి చెప్పు అంటే మాత్రం గొంతు పెగలడం లేదు. మ్యాథ్స్ తప్పి ఒక ఏడాది పోగొట్టుకున్నాడు. ఆ ఏడాది గురించి అడిగితే ఏం చెప్పాలక్కా అన్నాడు. ఒంట్లో బాగాలేదని చెప్పెయ్ అన్నాను. వాడు నా వంక అదోలా చూశాడు.

నాకే సిగ్గేసింది. ఆ రాత్రి లాప్‌టాప్‌లో ఇంకో రెజ్యూమె మొదలుపెట్టాను, వాళ్ళ ఊరాయనదే. ఎల్లాప్రగడ సుబ్బారావు, పుట్టింది 1895 జనవరి 12, భీమవరం.

చదువు కాలమ్ దగ్గరే ఇబ్బంది. మెట్రిక్యులేషన్ రెండుసార్లు పోయింది, మూడోసారి మద్రాసులో పాసయ్యారు. మెడికల్ కాలేజీలో గాంధీగారి పిలుపు విని ఖద్దరు గౌను వేసుకున్నారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కి అది నచ్చలేదు. చివరికి ఎం.బి.బి.ఎస్. రాలేదు, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. చేతిలో పెట్టారు. (బట్టల గురించి నేనిచ్చిన లెక్చర్ ఇక్కడ కొంచెం దెబ్బతింది.) దాంతో ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం దొరకలేదు. మద్రాసులో ఒక ఆయుర్వేద కళాశాలలో అనాటమీ చెప్పుకున్నారు.

ఈ పని ఎందుకు ఎంచుకున్నావని ఇంటర్వ్యూలో అడుగుతారు కదా. ఆయన దగ్గర దానికి జవాబుంది. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన అన్నదమ్ములిద్దర్ని తీసుకుపోయింది. మామగారు పోగుచేసిన డబ్బుతో, కాకినాడ ఎం.ఎస్.ఎన్. చారిటీస్ ఇస్తామన్న సాయంతో బోస్టన్ వెళ్ళారు. అక్కడ ఖర్చుల కోసం ఆసుపత్రిలో రాత్రిపూట బెడ్‌పాన్‌లు శుభ్రం చేశారు. ఆ లైన్ రెజ్యూమెలో ఉంచాలా తీసెయ్యాలా అని మేమిద్దరం చాలాసేపు వాదించుకున్నాం. వాడు ఉంచమన్నాడు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కెతో కలిసి ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1925లో అచ్చయిన ఆ పద్ధతి ఇద్దరి పేరుతోనే నిలిచింది. ఆ తర్వాత కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ. టెన్త్‌లో మనం బట్టీ పట్టిన ఏటీపీయే. 1930లో పీహెచ్.డి. వచ్చింది. ఇన్ని చేసినా హార్వర్డ్ ఆయనకి పర్మినెంట్ ఉద్యోగం ఇవ్వలేదు. తన పని గురించి తాను చెప్పుకునే అలవాటు ఆయనకి లేదు. అదొక్కటీ ఆయన దగ్గర నేర్చుకోకురా అన్నాను.

1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్ళారు. అక్కడి ఎనిమిదేళ్ళ పనికే రెజ్యూమెలో ఇంకో పేజీ పట్టింది. ఫోలిక్ యాసిడ్‌ని ఆయన టీమ్ ల్యాబ్‌లో తయారుచేసింది. అన్నదమ్ముల్ని తీసుకుపోయిన స్ప్రూకి అది మందుగా పనికొచ్చింది. ఈ భాగం చెప్తుంటే వాడు ఫోన్ పక్కన పెట్టేశాడు. ఆ ఫోలిక్ యాసిడ్‌కి విరుగుడుగా పనిచేసే మందులు కూడా అక్కడే తయారయ్యాయి. వాటితోనే సిడ్నీ ఫార్బర్ పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కి వైద్యం మొదలుపెట్టారు. మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుతున్నారు. బోదకాలు రాకుండా గోదావరి జిల్లాల్లో ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర ఉందే, అదీ ఆ ల్యాబ్ నుంచి వచ్చిందే. మా పిన్ని వీడిచేత బలవంతంగా మింగించేదట.

1948 ఆగస్టులో నిద్రలోనే పోయారు. 53 ఏళ్ళు.

సోమవారం నేను కింద టీ కొట్టు దగ్గర నిలబడ్డాను. నలభై నిమిషాలకి దిగొచ్చాడు. ఖాళీ ఏడాది గురించి అడిగారట. మ్యాథ్స్ పోయిందని, ఇంట్లో కూర్చుని మళ్ళీ మొదటి చాప్టర్ నుంచి చదివానని చెప్పాడట. మాది సుబ్బారావు గారి ఊరని కూడా అన్నాడట. ప్యానెల్‌లో ఇద్దరికీ ఆ పేరు తెలీదు. ఎవరాయన అని అడిగితే, ఇంటర్వ్యూలో మిగిలిన టైమంతా వీడే మాట్లాడాడట.

రిజల్ట్ ఇంకా రాలేదు.