సీసపు సిపాయిల సేనాని

భోజనము ముగిసినది, కాఫీ ఇంకను రాలేదు. గది నిండ ఒక పిల్లవాని ఆటవస్తువులు చెల్లాచెదరుగా పడియున్నవి. ప్రక్కనున్న చిన్నబల్లపై నలుగురైదుగురు సీసపు సిపాయిలు, వారి చెంత ఒక స్ప్రింగు ఫిరంగి. భోజనమునకు కూర్చున్న ఇద్దరు పెద్దమనుష్యులలో ఒకడు తన కుర్చీని ఆ బల్లవైపునకు జరపుకొని, ఫిరంగిని ఇటునటు త్రిప్పి చూచి, అందు కొయ్యగుండు నుంచి, గురిచూచి విడిచెను. సిపాయి కూలెను. అంతట ఆయన తన గురిని తానే మెచ్చుకొనుచు, చేతనైనచో పోటీకి రమ్మని మిత్రుని పిలిచెను. ఆ మిత్రుడు హెర్బర్ట్ జార్జి వెల్స్. చంద్రునిపైకి మనుష్యులను, భూమిపైకి అంగారక గ్రహవాసులను నడిపించిన ఆ రచయిత పిలుపును కాదనలేదు.

నాటి పందెమునుండి పెరిగినదే 1913లో వెలువడిన 'లిటిల్ వార్స్' అను చిన్న పుస్తకము. ఫిరంగి పేల్చిన మిత్రుని పేరు అందు జె. కె. జె. అను పొడి అక్షరముల చాటున దాగియున్నది. ఆయన హాస్యరచయిత జెరోం కె. జెరోం అని పాఠకులు సులభముగనే పోల్చుకొనిరి. వెల్స్ జీవితమును వ్రాయువారిలో పలువురు ఈ బొమ్మల యుద్ధమును ఒక వినోదపు పుటగా నెంచి దాటిపోవుదురు. అది దాటిపోదగిన పుట కాదు.

వెల్స్ 1866 సెప్టెంబరు 21న ఇంగ్లండులోని కెంటు మండలమున బ్రామ్లీ పట్టణమున జన్మించెను. తండ్రి జోసెఫ్ పింగాణీ సామానులును, క్రికెట్టు బ్యాట్లును అమ్ము ఒక చిన్న దుకాణదారు. దుకాణము సాగినది తక్కువ. క్రికెట్టులో మాత్రము ఆయన గట్టివాడు. 1862లో కెంటు పక్షమున ఆడుచు, ససెక్సు జట్టులో నలుగురిని వరుసగా నాలుగు బంతులతో పడగొట్టెను. 1877లో ఆయన కాలు విరిగి ఆ కొద్దిపాటి ఆదాయమును పోయినది. తల్లి సారా ఒక జమీందారీ భవనమున గృహనిర్వాహకురాలిగా కొలువు కుదిరి, కుమారులను బట్టల కొట్లలో పని నేర్చుకొన బంపెను. పదునాలుగేండ్లకే వెల్స్ గజముబద్ద చేతబట్టెను. సౌత్‌సీ పట్టణమున ఒక బట్టల కొట్టులో గడపిన రెండేండ్లు ఆయనకు జీవితాంతము పీడకలగా మిగిలినవి. 1883లో ఆ చెర విడిపించుకొని మిడ్‌హర్స్ట్ పాఠశాలలో తాను చదువుకొనుచు, చిన్నవారికి చదువు చెప్పు ఉద్యోగమున చేరెను. మరుసటి యేడు విద్యార్థి వేతనము లభించి లండనులోని విజ్ఞాన కళాశాలలో ప్రవేశించెను. అచట జీవశాస్త్రము బోధించినవాడు థామస్ హెన్రీ హక్స్లీ. వారమునకు ఒక గినీ వేతనముతో అర్ధాకలిగా గడచినను, ఆ యేడు తన జీవితమున అన్నిటికంటె గొప్ప విద్యావత్సరమని ఆయన తలచెను.

పిమ్మట కొంతకాలము ఆయన ఉపాధ్యాయుడు. 1887లో వేల్సు దేశమున ఒక పాఠశాలలో పిల్లలతో ఫుట్‌బాలు ఆడుచు, ఒక దెబ్బకు మూత్రపిండము నలిగి, చావు తప్పి బయటపడెను. తరువాత లండనులో హెన్లీ హౌస్ అను బడిలో బోధించినపుడు ఆయన శిష్యులలో ఎ. ఎ. మిల్న్ అను బాలుడుండెను. ఆ బాలుడే పెద్దవాడై 'విన్నీ-ది-పూ' కథలు వ్రాసెను. 1895లో 'ది టైమ్ మెషీన్', 1897లో 'ది ఇన్విజిబుల్ మాన్', 1898లో 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్' వెలువడుటతో వెల్స్ పేరు దేశదేశములకు ప్రాకెను.

ఇది లోకమెరిగిన చరిత్ర. లోకమెరుగని దానిని ఆయనయే 1934లో ప్రకటించిన ఆత్మచరిత్రలో చెప్పుకొనెను. పదుమూడేండ్ల ప్రాయమున, బ్రామ్లీ పరిసరముల ఒంటరిగా షికారు పోవునపుడు, ఆ బక్కపలచని దుకాణదారు కొడుకు మనసులో మహాసైన్యములను నడిపించుచుండెడివాడు. కనబడిన గుట్టపై ఫిరంగులు నిలుపుట, పొదలచాటున ఆశ్వికులను దాచుట, సాయంత్రమునకు శత్రువును తుడిచిపెట్టి విజేతయై గుఱ్ఱముపై ఇంటికి మరలుట! దారిలో నెదురైన వారికి తమ ప్రక్కనుండి ఒక చక్రవర్తి పోవుచున్నాడని తెలియదు. తన జాతియే లోకమును ఏలదగిన జాతియను భావమును ఆనాటి చరిత్ర పుస్తకములు ఆ బాలుని తలకెక్కించియుండెను. లేమిలో పెరిగిన బాలునికి కలలో రాజ్యమేలుట క్రొత్తగాదు. కాని ఈ కలను ఆతడు పెద్దయైన పిదపగూడ విడువలేదు. మార్పు చేసి నేలమీదికి దింపెను.

ఆయనకు రెండవ భార్య ఎమీ కేథరిన్ వలన ఇద్దరు కుమారులు. జార్జి ఫిలిప్ 1901లోను, ఫ్రాంక్ 1903లోను జన్మించిరి. ఆమెను ఆయన జేన్ అని పిలుచుచుండెను. తండ్రియు కొడుకులును గది నేలపై కొయ్యదిమ్మెలతో, పలకలతో ద్వీపములును, నగరములును కట్టి ఆడుచుండిరి. ఆ ఆటలను వర్ణించుచు 1911లో ఆయన 'ఫ్లోర్ గేమ్స్' అను పుస్తకము వ్రాసెను. పిల్లల ఆటను పెద్దలు తేలికగా చూడరాదనియు, మంచి దిమ్మెలు కావలసినన్ని చేయించి యిచ్చుట తల్లిదండ్రుల విధి యనియు అందలి సారము. ఉపాధ్యాయులు గమనింపదగిన విశేష మొకటి కలదు. మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ అను బాలమానసిక వైద్యురాలు ఈ పుస్తకమునుండి ప్రేరణ పొంది, ఇసుకపళ్ళెములో చిన్నిచిన్ని బొమ్మలతో పిల్లలచేత ప్రపంచములను కట్టించి, మాటలలో చెప్పలేని వారి బాధలను తెలిసికొను పద్ధతిని 1920లనాటి చివర నెలకొల్పెను. ఆ పద్ధతి నేటికిని వైద్యులు వాడుచునే యున్నారు.

నగరములు కట్టినచోట సైన్యములు రాకుండునా? బ్రిటన్ అను ఇంగ్లీషు కుటుంబమువారు 1893 మొదలు లోపల గుల్లగానుండు సీసపు సిపాయిలను పోతపోసి అమ్ముచుండిరి. స్ప్రింగు ఫిరంగి తొమ్మిది గజముల దూరమున నిలిచిన సిపాయిని పదింట తొమ్మిది మార్లు కొట్టగలదని వెల్స్ మురిసిపోయెను. తొలుత ఆట యనగా కేవలము గురిచూచి కొట్టుటయే. అది త్వరలో విసుగు పుట్టించెను. అడ్డుగా విజ్ఞానసర్వస్వపు సంపుటములను నిలిపిరి, అవి కొండలయ్యెను. తోటలోని కొమ్మలు గ్రుచ్చిరి, అడవులయ్యెను. సుద్దముక్కతో గీచిరి; నదులయ్యెను. దక్షిణాఫ్రికా యుద్ధమునుండి తిరిగివచ్చిన ఒక సైనికోద్యోగి సలహాలిచ్చెను. ఆటకు ధర్మశాస్త్రము పుట్టెను.

ఆ నియమములు తెలిసికొనదగినవి. ఆట ప్రారంభమున నడుమ తెర కట్టుదురు; తెరకు ఇరువైపుల సేనానులిద్దరు ఒకరికొకరు కానరాక తమ బలములను మోహరింతురు. తెర తీసిన పిమ్మట వంతులు. ఒక వంతున పదాతి ఒక అడుగు, ఆశ్వికుడు రెండడుగులు మాత్రమే కదలవలెను. ఫిరంగికి ఆరంగుళములలోపున నలుగురు సిపాయిలైన లేనిచో అది పేలదు, కదలదు. ఒకే వంతున కదలి పేలుటయు కూడదు. ముప్పదిమంది సిపాయిలకు ఒక నిమిషము, ఒక్కొక్క ఫిరంగికి ఒక నిమిషము చొప్పున కాలము లెక్కగట్టుదురు. తొంబదిమంది, మూడు ఫిరంగులు గల సేనానికి ఆరు నిమిషములు. గడియారము మీరినచో కదలనివాడు కదలనట్లే. రెండు దండులు ఒకదానితో నొకటి తాకినచో సరికి సరి కూలుదురు. తనవారికి దూరమై ఒంటరిగా చిక్కిన దండులో కొందరు బందీలగుదురు. పాచిక లేదు, మధ్యవర్తి లేడు. బుద్ధియు, గురియు, గడియారమును మాత్రమే.

ఇట్టి ఆట వెల్స్‌తోనే పుట్టలేదు. రథగజతురగపదాతులను గళ్ళపై నిలిపిన మన చతురంగము పారసీకుల, అరబ్బుల మీదుగా ఐరోపా చేరినది. 1780లో బ్రన్స్విక్కునందు హెల్విగ్ అను పండితుడు చదరంగమును విస్తరించి యుద్ధవిద్య నేర్పు ఆటగా మలచెను. ప్రష్యాలో రైస్విట్స్ వంశీయులైన తండ్రికొడుకులు 1812లోను, 1824లోను దానిని సైనికోద్యోగుల అభ్యాసముగా తీర్చిరి, అదియే 'క్రీగ్స్‌పీల్'. 1881-82 చలికాలములో డావోసు కొండలలో క్షయరోగ చికిత్స పొందుచుండిన నవలాకారుడు స్టీవెన్సన్ తన సవతి కొడుకుతో సీసపు సిపాయిల యుద్ధము లాడెను. ఐనను సామాన్యుని ఇంట, నియమబద్ధముగ, ఎవరైనను ఆడుకొనునట్లు ఆటను అచ్చులో పెట్టినవాడు వెల్స్.

పుస్తకమున హుక్స్ ఫార్మ్ యుద్ధమను ఘట్టము ముచ్చటైనది. కథ చెప్పుచు చెప్పుచు రచయిత వృద్ధ సేనానిగా మారిపోవును. వంగిన వీపు నిక్కును, మీసములు పెరిగి మెలితిరుగును, కంటిపై కత్తిగాటు వెలయును. బ్రామ్లీ బాటల నడచిన బాలుడే మరల లేచి వచ్చినాడనవచ్చును. పండ్రెండేండ్లనుండి నూట ఏబది యేండ్లవరకు గల బాలురకు ఈ ఆట యని శీర్షికలోనే చెప్పి, బాలికలలో మాత్రము తెలివిగలవారికని ఆయన చేర్చెను. ఈ చమత్కారము నేటివారికి రుచింపదు. ఆ పుస్తకమునందలి ఛాయాచిత్రములు తీసినది ఆయన భార్యయే గదా!

పుస్తకపు చివరిభాగమున స్వరము మారును. మూడు నాలుగు మార్లు ఈ చిన్న యుద్ధము నాడినవానికి పెద్ద యుద్ధమెంత తెలివిమాలిన పనియో బోధపడునని వెల్స్ వాదము. గదిలో నూరుమంది సీసపు సిపాయిలను నడుపుటలోనే ఇన్ని తబ్బిబ్బులు జరుగుచుండగా, లక్షలమంది ప్రాణములను నడుపుట ఏ తలకును మించిన కార్యము గాదా? యుద్ధోన్మాదులైన రాజులను, దేశభక్తి పేర కేకలిడువారిని ఒక పెద్ద గదిలో పెట్టి, ఈ బొమ్మలిచ్చి తలుపు మూయవలెనని ఆయన ఆశయము.

మరుసటి సంవత్సరమే పెద్ద యుద్ధము వచ్చెను.

ఇచ్చట వెల్స్ జీవితమున గొప్ప వైరుధ్య మొకటి కలదు. 1914 ఆగస్టులో ఆయన యుద్ధమును వ్యతిరేకింపలేదు. అది యుద్ధములకే అంతము పలుకు యుద్ధమని వ్యాసములు వ్రాసి, ఆ మాటను లోకమున ఒక సామెత చేసెను. 1903లో తన కథలో ఊహించిన ఇనుపరథములు 1916లో సోమ్ నదీతీరమున టాంకులై కదలుట చూచెను. 1918లో శత్రుదేశప్రచార శాఖలో కొలువు చేసి, పాలకుల మాటలకును చేతలకును పొత్తు కుదరక బయటికి వచ్చెను. 1916నాటి 'మిస్టర్ బ్రిట్లింగ్ సీస్ ఇట్ త్రూ' నవలలో ఒక తండ్రి యుద్ధమున కొడుకును పోగొట్టుకొని, అట్లే కొడుకును పోగొట్టుకొన్న జర్మను తలిదండ్రులకు లేఖ వ్రాయ కూర్చుండును. వెల్స్ కుమారులు పసివారగుటచే బ్రదికిరి. నాలుగైదేండ్లు ముందు పుట్టియున్నచో వారికిని ఆ గతి పట్టెడిదేమో.

ఆత్మచరిత్రలో ఆయన తన్నుతాను క్షమించుకొనలేదు. బొమ్మల యుద్ధముపై తనకుండిన మోజు బాల్యమునాటి పగటికలల శేషమనియు, 1916కును 1920కిని నడుమ ఎప్పుడో తాను ఆ దశ దాటితిననియు ఒప్పుకొనెను. అనగా ఏబదియేండ్ల ప్రాయమున! అంతటితో ఆగక, అప్పుడే జర్మనీలో గద్దెనెక్కిన హిట్లరు వేరెవరో కాడనియు, పదుమూడేండ్లనాటి తన పగటికలయే నిజమై లేచి వచ్చినదనియు వ్రాసెను. పరుని క్రౌర్యమును నిందించుట సులభము. దాని బీజము తనలో నుండెనని వ్రాయుటకు గుండె కావలెను.

'లిటిల్ వార్స్' వెలువడిన 1913లోనే ఆయన మరియొక పుస్తకము వ్రాయుచుండెను. 1914లో వచ్చిన ఆ 'ది వరల్డ్ సెట్ ఫ్రీ' నవలలో పరమాణు బాంబు అను మాట కలదు. దానిని 1932లో చదివిన లియో జిలార్డ్ అను భౌతికశాస్త్రజ్ఞుడు మరుసటి యేడు పరమాణు శృంఖలచర్యను ఊహించెను. 1945 ఆగస్టులో హిరోషిమా వార్త వచ్చునప్పటికి వెల్స్ లండనులో రోగియై యుండెను. జర్మను విమానములు ఆ నగరముపై బాంబులు కురిసినపుడుగూడ ఆయన తన ఇల్లు విడిచి కదలలేదు. 1946 ఆగస్టు 13న, డెబ్బదితొమ్మిదవ యేట, ఆ ఇంటనే కన్నుమూసెను. చితాభస్మమును కుమారులు సముద్రమున కలిపిరి. సీసపు సిపాయిలతో నాడిన పెద్దకొడుకు జంతుశాస్త్రజ్ఞుడయ్యెను. తండ్రితోను, జూలియన్ హక్స్లీతోను కలిసి 'ది సైన్స్ ఆఫ్ లైఫ్' అను బృహద్గ్రంథము రచించెను.

ఆట మాత్రము చావలేదు. 1962లో డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ 'వార్ గేమ్స్' అను పుస్తకము ప్రకటించిన పిమ్మట ఇంగ్లండులో ఊరూర దీనికి సంఘములు వెలసినవి. సెలవుదినముల వారు కూడి, నేల విడిచి పెద్ద బల్లలపై పచ్చనిగుడ్డ పరచి, స్వయముగా రంగులద్దిన సిపాయిలను మోహరింతురు. స్ప్రింగు ఫిరంగి పోయినది. శ్రమపడి అద్దిన రంగును కొయ్యగుండుకు ఎవరు బలియిత్తురు? దాని స్థానమున పాచికలు వచ్చినవి. సిపాయి ఎంత దూరము కదలవలెనో కొలుచుటకు వెల్స్ నాటి కొలబద్ద మాత్రము ఇంకను బల్ల అంచున నున్నది.