బేబ్ రూత్‌ను అవుట్ చేసిన పిల్ల

నాలుగంటే నాలుగే బంతులు. నాలుగో బంతికి అమెరికా అంతా నెత్తిన పెట్టుకున్న ఆటగాడు అవుటైపోయాడు. కోపంతో బ్యాటు విసిరికొట్టి విసవిసా వెళ్ళిపోయాడు. ఆయన పేరు బేబ్ రూత్. బంతులేసింది మీసం మెలేసిన మొనగాడెవరో కాదు, పదిహేడేళ్ళ పిల్ల! పేరు జాకీ మిచెల్. 1931 ఏప్రిల్ 2న టెనెసీ రాష్ట్రంలోని చట్టనూగాలో జరిగిందీ సంగతి.

ఎక్కడి చట్టనూగా, ఎక్కడి మన వెంకటాచలం అంటారా? ఆగండి. మన స్కూలు పోటీల్లో ఇప్పుడు సాఫ్ట్‌బాల్ కూడా ఉంది. నెల్లూరు పక్కన వెంకటాచలం లాంటి ఊళ్ళోని ఆడపిలకాయలకు కూడా బంతి విసిరే అవకాశం ఉంది. అలా విసరాలనుకునే పిల్లకి, ఆ పిల్ల తల్లికి జాకీ కథ తెలిసి తీరాలి.

పక్కింటి మాస్టారు

జాకీ అసలు పేరు వర్న్ బియాట్రిస్ మిచెల్. 1913లో పుట్టింది. నెలలు నిండకుండా పుట్టిన బలహీనమైన పిల్లట. ఎండా గాలీ తగిలేలా బయట ఆడించమన్నారు డాక్టర్లు. తండ్రి జోసెఫ్ మిచెల్ కళ్ళు పరీక్షించి అద్దాలిచ్చే డాక్టరు. ఆడపిల్లకి బంతాట ఏమిటని ఆయన అనుకోలేదు. చిన్నప్పుడే గ్రౌండుకి తీసుకెళ్ళి బంతి పట్టడం, విసరడం నేర్పాడు.

ఆ కుటుంబం మెంఫిస్‌లో ఉన్నప్పుడు పక్కింట్లో డాజీ వాన్స్ అనే పిచర్ ఉండేవాడు. క్రికెట్లో బౌలర్ ఎలాగో బేస్‌బాల్‌లో పిచర్ అలాగన్నమాట. అప్పటికి వాన్స్‌కి పెద్ద జట్లలో చోటు కుదర్లేదు. తర్వాత్తర్వాత 1922 నుంచి 1928 దాకా వరుసగా ఏడేళ్ళు నేషనల్ లీగులో అందరికంటే ఎక్కువ స్ట్రైకవుట్లు చేసిన మొనగాడు ఆయనే. అంతటి మనిషి పక్కింటి చిన్నపిల్లని కూర్చోబెట్టుకుని ‘డ్రాప్ బాల్’ నేర్పాడు.

డ్రాప్ బాల్ అంటే ఏమీ లేదు. బంతి బ్యాటు దాకా తిన్నగా వస్తున్నట్టే ఉంటుంది. కొట్టబోయే సమయానికి టక్కున కిందికి దిగిపోతుంది. చేతిలోంచి వదిలేటప్పుడు బంతి పైభాగం ముందుకి దొర్లేలా వేళ్ళతో తిప్పాలి. అలా దొర్లుతూ పోయే బంతిని గాలే కిందికి లాగేస్తుంది. దీనికి పహిల్వాను బలం అక్కర్లేదు. వదిలే తీరు కుదరాలి, వేలసార్లు వేసి చూసుకోవాలి. ఎడమచేతి వాటం జాకీ ఆ పనే చేసింది. పదహారేళ్ళు దాటేసరికి ఊళ్ళోని అమ్మాయిల జట్టుకి ఆమే పిచర్!

ఆ రోజు ఏమైందంటే...

చట్టనూగా లుకౌట్స్ అనే మగవాళ్ళ జట్టుకి జో ఎంగెల్ అధ్యక్షుడు. జనాన్ని గ్రౌండుకి రప్పించడానికి రోజుకో తమాషా చేసే మనిషి. 1931 మార్చి నెలాఖర్లో ఆయన జాకీతో కాంట్రాక్టు రాయించుకున్నాడు. న్యూయార్క్ యాంకీస్ జట్టు తమ ఊరికి ఆడ్డానికి వస్తోంది. ఆడపిల్ల బంతేస్తుందంటే టిక్కెట్లు బాగా అమ్ముడవుతాయని ఆయన లెక్క. పత్రికలు కూడా ఆమె ఆట గురించి రాసినంతగా ఆమె అందం గురించీ పౌడర్ గురించీ రాశాయి. ఏ కాలమైనా కొన్ని మారవు కదా!

ఏప్రిల్ 1న జరగాల్సిన ఆట వాతావరణం బాగాలేక మర్నాటికి వాయిదా పడింది. సుమారు నాలుగువేల మంది జనం. మొదట వేసిన పిచర్‌ని యాంకీస్ బాదేస్తుంటే మేనేజరు జాకీని పిలిచాడు. ఎదురుగా బేబ్ రూత్. మొదటి బంతి దూరంగా పోయింది. తర్వాత రెండు బంతుల్ని రూత్ బలంగా ఊపి కొట్టబోయి తప్పాడు. నాలుగోది కొట్టకుండా వదిలేశాడు. అంపైరు అది మంచి బంతేనన్నాడు. అంతే, రూత్ అవుట్! ఆయన వెనక వచ్చిన లూ గెరిగ్ కూడా తక్కువవాడేం కాదు. వరుసగా మూడు బంతులూ ఊపాడు, మూడూ తప్పాడు. మూడో బ్యాటరుకి మాత్రం జాకీ సరైన చోట వెయ్యలేకపోయింది. నాలుగు బంతులు పక్కకి పోవడంతో అతను నడుచుకుంటూ మొదటి బేసుకి వెళ్ళాడు. మేనేజరు ఆమెను అక్కడితో ఆపేశాడు. ఆట 14-4తో యాంకీసే గెలిచింది.

రూత్, గెరిగ్ నిజంగానే అవుటయ్యారా, తమాషా కోసం నటించారా అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. జాకీ మాత్రం వాళ్ళు నిజంగానే ఆడారని చివరిదాకా చెప్పింది. ఒక్కటి ఆలోచించండి. అదే బంతికి ఓ మగపిల్లాడు వాళ్ళను అవుట్ చేసుంటే ఎవరైనా ఈ ప్రశ్న వేసేవారా?

గడ్డాల జట్టులో

ఆ తర్వాత లుకౌట్స్ తరఫున ఆమె ముందుకి పోలేదు. బేస్‌బాల్ కమిషనర్ లాండిస్ ఆ కాంట్రాక్టు రద్దు చేశాడని చాలాకాలం చెప్పుకున్నారు. దానికి కాగితమ్మీద ఆధారం దొరకలేదని తర్వాత చరిత్ర తవ్వినవాళ్ళు అంటున్నారు. రాతపూర్వకమైన నిషేధం మాత్రం 1952లో వచ్చింది. ఆడవాళ్ళతో కాంట్రాక్టులు కుదుర్చుకోకూడదని చిన్న లీగులు తీర్మానించాయి.

జాకీ ఊరూరా తిరిగి ఆడే జట్లలో చేరింది. 1933 నుంచి ‘హౌస్ ఆఫ్ డేవిడ్’ జట్టులో ఆడింది. ఆ జట్టులో మగవాళ్ళంతా పొడుగాటి గడ్డాలతో ఉండేవారు. నవ్వు కోసం ఆమెను కూడా ఒక్కోసారి పెట్టుడు గడ్డం పెట్టుకోమనేవారట. చేతిలో అంత విద్య ఉండీ ఊరూరా నవ్వులాటగా నిలబడాల్సి రావడం ఎంత కష్టమో మనకి తెలియనిదా? 1937లో ఇరవైమూడేళ్ళకే ఆట వదిలేసి, తండ్రి అద్దాల ఆఫీసులో పనికి కూర్చుంది.

1943లో అమెరికాలో అమ్మాయిల కోసం ప్రత్యేకంగా ప్రొఫెషనల్ లీగు మొదలైంది. యుద్ధానికి మగవాళ్ళు వెళ్ళిపోతే స్టేడియాలు ఖాళీగా ఉంటాయని చూయింగ్‌గమ్ వ్యాపారి ఫిలిప్ రిగ్లీ పెట్టిన లీగది. జాకీని రమ్మంటే రానంది.

చెయ్యి కిందినుంచి

ఆ లీగులో మొదట సాఫ్ట్‌బాల్ పద్ధతే ఉండేది. పెద్ద బంతి, చెయ్యి కిందినుంచి విసరడం. ఏళ్ళు గడిచేకొద్దీ బంతిని చిన్నది చేశారు, పక్కనుంచి వెయ్యనిచ్చారు, 1948 నాటికి పైనుంచి వెయ్యడమే రూలైంది. కిందినుంచి వెయ్యడంలో ఆరితేరిన అమ్మాయిలు ఒకటికి రెండుసార్లు విద్య మొదటినుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. కుదరనివాళ్ళు పిచింగ్ మానుకున్నారు. అంటే, రూలు తెలియకుండా నేర్చిన విసురు ఎంత గొప్పదైనా అక్కరకు రాదన్నమాట.

ఫాస్ట్‌పిచ్ సాఫ్ట్‌బాల్‌లో మాత్రం ఇప్పటికీ చెయ్యి కిందినుంచే రావాలి. వేసేముందు రెండు చేతులూ బంతి దగ్గర కలిపి, పిచర్ పలక మీద ఒక్క క్షణం నిలబడాలి. చెయ్యి గాలిమరలా ఒక్క చుట్టు తిరిగి తుంటి పక్కనుంచి వచ్చి బంతిని వదిలెయ్యాలి. తుంటి దాటాక ఆపి మళ్ళీ తిప్పితే కుదరదు. మణికట్టు మోచేతికంటే ఒంటికి దూరంగా పోకూడదు. ఇందులో ఏది తప్పినా అది చెల్లని బంతి. పాపం ఎంత వేగంగా వేసినా లాభం బ్యాటరుకే.

నేర్పేవాళ్ళు గాలిమర చుట్టుతో మొదలుపెట్టరు. ముందు దగ్గర్లో నిలబెట్టి మణికట్టు విదిలించడం ఒక్కటే నేర్పుతారు. అది వచ్చాక సగం చుట్టు, ఆ తర్వాత అడుగు ముందుకి వెయ్యడం, అన్నీ కుదిరాకే పూర్తి చుట్టు, పూర్తి దూరం. పెద్ద ఆడవాళ్ళ ఆటలో పిచర్ నుంచి బ్యాటరు దాకా 43 అడుగులు. చిన్నపిల్లలకి దూరం తగ్గిస్తారు, బంతి కూడా చిన్నదిస్తారు. వేగం భుజంలోంచి లాగితే వచ్చేది కాదు. కాళ్ళు నేలను తన్నాలి, నడుము తిరగాలి, చెయ్యి వాటి వెంట రావాలి. కిందినుంచి వేస్తే భుజానికి నొప్పే ఉండదని ఒకప్పుడు అనుకునేవారు. అది నిజం కాదని పరిశోధనల్లో తేలింది. అందుకే రోజుకిన్ని బంతులని లెక్క పెట్టుకోవాలి. భుజం నొప్పంటే ఆ పూటకి ఆపేయాలి. సరదా కొద్దీ వందలు వేయించకూడదు.

మళ్ళీ ఆ గ్రౌండుకే...

1982లో చట్టనూగా ఊరు జాకీని మళ్ళీ పిలిచింది. సీజన్ మొదటి ఆటకి తొలి బంతి వేసి ప్రారంభించమంది. అరవై దాటిన వయసులో, యాభై ఏళ్ళ తర్వాత, అదే లుకౌట్స్ కోసం ఆమె ఎడమచేత్తో బంతి వేసింది. 1987 జనవరి 7న కన్నుమూసింది. పదేళ్ళకి, 1997లో, ఐలా బోర్డర్స్ అనే అమ్మాయి మగవాళ్ళ ప్రొఫెషనల్ జట్టులో పిచర్‌గా దిగింది. ఆమె కూడా ఎడమచేతి వాటమే!

జాకీకి చెయ్యి ఉంది, విద్య ఉంది. నేర్పిన తండ్రి, నేర్పిన పొరుగాయన ఉన్నారు. ఆడ్డానికి చోటే లేకపోయింది. ఇవాళ మన పిల్లల సంగతి తిరగబడింది. చోటుంది, పోటీలున్నాయి. ఓపిగ్గా పక్కన నిలబడి మణికట్టు దగ్గర్నుంచి నేర్పేవాళ్ళే తక్కువ. సాయంత్రం హైస్కూలు గ్రౌండులో మగపిలకాయలు ఆడుకుంటుంటే గట్టు మీద కూర్చుని చూసే మీ అమ్మాయిని ఒక్కసారి అడగండి, బంతి వేస్తావా అని. వేస్తానంటే డ్రిల్లు మాస్టారితో మీరే వెళ్ళి మాట్లాడండి. ఇంట్లో ఓ గోడా, ఓ రబ్బరు బంతీ ఉంటే చాలు, ఈలోగా మణికట్టు విదిలించడం మొదలుపెట్టొచ్చు.