ఎడిర్నే నగరంలో ఉస్తాద్ సినాన్

టర్కీ దేశ యాత్రకు పోయేవారు చాలామంది ఇస్తాంబుల్ చూసి అంతటితో తిరిగి వచ్చేస్తారు. అక్కడికి పడమరగా సుమారు 240 కిలోమీటర్ల దూరంలో, బల్గేరియా, గ్రీసు సరిహద్దుల దగ్గర ఎడిర్నే అనే పాత నగరం ఉన్నది. 1453లో ఇస్తాంబుల్ వశమయ్యే వరకు ఉస్మానియా సుల్తానుల రాజధాని ఇదే. ఈ నగరానికి కిరీటం వంటిది సెలీమియా మస్జిద్. దానిని కట్టిన మేమార్ సినాన్ జీవితాన్ని పాఠకుల ముందుంచడమే మా ఉద్దేశం.

మేము బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్లం. పరీక్ష తప్పి, మెకానిక్ షెడ్డుకో, వడ్రంగి దుకాణానికో పోయిన పిల్లలు మాకు బజారులో ఎదురవుతుంటారు. ఇక తమ బతుకు ఇంతే అన్నట్టు తల దించుకుని సలాం చేస్తారు. సినాన్ కథ ముఖ్యంగా వారికోసం.

సినాన్ సుమారు 1490 ప్రాంతంలో కైసరి దగ్గరి అగిర్నాస్ అనే పల్లెలో ఒక క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. ఆ కాలంలో క్రైస్తవ కుటుంబాల నుండి మగపిల్లలను సుల్తాను కొలువుకు తీసుకుపోయే పద్ధతి ఉండేది. కన్నవారికి అది ఎంత కడుపుకోతో వేరే చెప్పనక్కరలేదు. అలా తీసుకుపోబడిన సినాన్ ఇస్లాం స్వీకరించి, వడ్రంగం నేర్చి, సైన్యంలో చేరారు. బెల్‌గ్రేడ్ నుండి బాగ్దాద్ దాకా దండయాత్రలలో తిరిగారు. పోయిన చోటల్లా పాత కట్టడాలను పరిశీలించేవారు. 1538లో ప్రుత్ నది ఒడ్డున నేల బురద కావడంతో సైన్యం దాటలేకపోయింది. వంతెన కట్టే పని సినాన్‌కు అప్పగిస్తే పక్షం రోజుల లోపే ముగించారు. ఆ దరిదాపుల్లోనే ప్రధాన మేమార్ పదవి ఆయనకు దక్కింది. అప్పటికి వయసు యాభైకి దగ్గర! ఆయన అసలు పని అక్కడ మొదలైంది.

ఎడిర్నే నడిబొడ్డున మూడు పెద్ద మస్జిదులు నడిచిపోయేంత దగ్గరలో ఉన్నాయి. వాటిని కట్టిన వరుసలోనే చూడాలని మా సలహా. మొదటిది 1414లో పూర్తయిన ఎస్కీ జామి, అనగా పాత మస్జిద్. లోపల నాలుగు లావుపాటి స్తంభాలు, పైన తొమ్మిది గుమ్మటాలు. స్తంభాల వల్ల నమాజు సఫ్‌లు తెగిపోతాయి. రెండవది 1447 నాటి ఉచ్ షెరెఫెలి మస్జిద్. ఇక్కడ సుమారు 24 మీటర్ల వెడల్పు గుమ్మటం ఒకటే ఆరు ఆధారాల మీద నిలిచింది. పాత ఉస్తాదులు అంతదాకా తెచ్చి విడిచారు.

మూడవది సెలీమియా. సుల్తాన్ రెండవ సెలీం ఆజ్ఞపై 1568 ప్రాంతంలో పని ఆరంభమైంది. సినాన్ ఎనిమిది స్తంభాలను గోడల దగ్గరకు జరిపి, వాటిపై 31 మీటర్లకు మించిన గుమ్మటాన్ని నిలిపారు. లోపలికి అడుగు పెడితే హాలు అంతా ఒక్క చూపులో అందుతుంది. నాలుగు మీనార్లు ఒక్కొక్కటి 70 మీటర్ల పైచిలుకు. రెండింటి లోపల మూడేసి మెట్ల దారులు ఒకదానితో ఒకటి కలవకుండా పైకి పోతాయి. మువజ్జిన్ల వేదిక కింద ఒక పాలరాతి స్తంభం మీద తలకిందులుగా చెక్కిన తులిప్ పువ్వు ఉన్నది. స్థలం ఇవ్వనని మొండికేసిన తోట యజమానికి అది గుర్తు అని అక్కడివారు కథగా చెప్పుకుంటారు.

1575లో మస్జిద్ తెరిచేనాటికి సుల్తాను లేరు. కొద్ది నెలల ముందే కన్నుమూశారు. కట్టిన ముసలి మేమార్ మాత్రం ఉన్నారు. అప్పటికి ఆయనకు ఎనభై దాటాయి. ఇస్తాంబుల్‌లోని షహజాదా మస్జిద్ తన శాగిర్దు పని అనీ, సులేమానియా చేయి తిరిగిన పనివాడి పని అనీ, సెలీమియాలోనే తాను ఉస్తాదునయ్యాననీ ఆయన భావించినట్లు ప్రసిద్ధి. లోకమంతా మెచ్చిన సులేమానియా కట్టిన తరువాత కూడా ఇంకా నేర్చుకోవలసింది ఉందని అనుకున్న మనిషి ఆయన! 2011లో యునెస్కో సెలీమియాను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇంత పైకి వచ్చినా సినాన్ పుట్టిన ఊరిని మరువలేదు. 1573లో సైప్రస్ ద్వీపానికి ప్రజలను బలవంతంగా తరలిస్తున్నప్పుడు, అగిర్నాస్‌లోని తన బంధువులను తరలించకుండా ఉత్తర్వు ఇప్పించారు. మస్జిదులే గాక వంతెనలు, మదర్సాలు, ఇస్తాంబుల్‌కు నీరు తెచ్చే కాలువలు, అన్నీ కలిపి మూడు వందలకు పైగా కట్టడాలు ఆయన పేరిట ఉన్నాయి.

1588లో సినాన్ మరణించారు. సులేమానియా మస్జిద్ బయట, వీధి మూలన ఆయన సమాధి ఉన్నది. చాలా చిన్నది. తెలియనివారు చూడకుండానే దాటిపోతారు. దాని కొసన దారిన పోయేవారి దాహం తీర్చడానికి ఒక సబీలు కట్టి ఉన్నది.

మన బజారులో తల దించుకుని సలాం చేసే ఆ పిల్లలు వడ్రంగం నేర్చుకుంటున్నారు, ఇనుము పని నేర్చుకుంటున్నారు. సినాన్ మొదలుపెట్టినదీ అక్కడే. వారి చేతిలోని పనిముట్టును మనం చిన్నచూపు చూడకుండా ఉంటే, వారు తల ఎత్తి సలాం చేసే రోజు తప్పక వస్తుందని మా నమ్మకం.