ఆంధ్ర పితామహ మాడపాటి హనుమంతరావు పంతులు

మన నగరంలో చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాలను ఎరుగని విద్యార్థి ఉండడు. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం ముందు తెల్లవారక ముందే యువకులు బారులు తీరి నిలబడడం, అశోక్‌నగర్ వీధులలో శిక్షణా కేంద్రాల బోర్డుల క్రింద నోట్సు పుస్తకాలు చేతబట్టుకొని తిరగడం మనకు నిత్యం కనిపించే దృశ్యాలే. మనలోనూ పలువురు సాయంత్రం తరగతులు ముగియగానే ఆ గ్రంథాలయానికే పోయి, రాత్రి దీపాలు ఆర్పే వేళ వరకు చదువుకొని వస్తున్నారు. ఈ ప్రాంతంలోనే, నారాయణగూడలో, మాడపాటి హనుమంతరావు బాలికోన్నత పాఠశాల ఉన్నది. ఆ దారిన ప్రతి దినం పోయే మనలో ఎందరికి ఆ పేరు గల మహనీయుని చరిత్ర తెలుసు? ఉర్దూ, తెలుగు భాషలను రెండు కన్నులుగా భావించే మన కళాశాల వార్షిక సంచికలో వారిని స్మరించుకోవడం సముచితమని తలచి ఈ వ్యాసానికి పూనుకొన్నాము.

హనుమంతరావు గారు 1885వ సంవత్సరం జనవరి 22వ తేదీన కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలో జన్మించారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయినందున నిజాం రాజ్యంలోని సూర్యాపేటలో మేనమామల ఇంట పెరిగారు. ఆనాడు నిజాం రాజ్యంలో రాజభాష ఉర్దూ. కచ్చేరీలో దరఖాస్తు పెట్టుకోవాలన్నా, చిన్న గుమాస్తా కొలువు దొరకాలన్నా ఉర్దూ రావలసిందే. కనుక ఆ బాలుడు ఉర్దూను, పారశీకాన్ని శ్రద్ధతో అభ్యసించాడు. తెలుగు, సంస్కృతం, ఆంగ్లం కూడా నేర్చాడు. మెట్రిక్యులేషన్ ముగిసిన పిమ్మట హనుమకొండలో విద్యాశాఖ కార్యాలయంలో గుమాస్తాగా చేరారు. అనంతరం హైదరాబాదుకు వచ్చి ప్రభుత్వంలో అనువాదకులుగా పనిచేశారు. ఉద్యోగంలో ఉంటూనే న్యాయశాస్త్రం చదివి, పరీక్షలో నెగ్గి, కొలువు విడిచిపెట్టి వకీలు అయ్యారు. నేడు పగలు పని చేసుకొని రాత్రులు పోటీ పరీక్షలకు చదువుకొనే మన మిత్రులకు ఈ ఘట్టం కొత్తగా తోచదు.

పంతులు గారి ఉర్దూ పాండిత్యం కేవలం ఉద్యోగం కొరకు సంపాదించినది కాదు. వారు ముషీరె దక్కన్ అనే ఉర్దూ పత్రికకు వ్యాసాలు వ్రాసేవారు. ప్రేమ్‌చంద్ కథలను తెలుగులోనికి తెచ్చిన తొలితరం రచయితలలో వారొకరు. మల్లికాగుచ్ఛము అనే వారి కథల సంపుటి తెలుగు కథానిక తొలినాళ్ళ గ్రంథాలలో చేరుతుంది. తెలుగు కొరకు ఇంతగా పాటుపడిన వ్యక్తి ఉర్దూను ఎన్నడూ పరభాషగా చూడలేదన్న సంగతి మన బోటి కళాశాల విద్యార్థులు ప్రత్యేకంగా గుర్తుంచుకోదగినది.

వారి జీవితాన్ని మలుపు త్రిప్పిన సంఘటన 1921 నవంబరులో జరిగింది. హైదరాబాదు వివేకవర్ధినీ ప్రాంగణంలో నిజాం రాష్ట్ర సంఘ సంస్కరణ మహాసభ ఏర్పాటయింది. మహారాష్ట్ర దేశంలో స్త్రీ విద్యకు జీవితం ధారపోసిన ధోండో కేశవ కార్వే పండితులు అధ్యక్షత వహించారు. ఆంగ్లంలోను, ఉర్దూలోను, మరాఠీలోను ఉపన్యాసాలు సాగాయి. సభ సావధానంగా విన్నది. అంతట ఆలంపల్లి వెంకటరామారావు గారనే న్యాయవాది లేచి తెలుగులో మాట్లాడనారంభించారు. సభలో కొందరు గేలి చేశారు, చప్పట్లు చరిచారు, ఆయనను మాట్లాడనీయలేదు. రాజ్యంలోని ప్రజలలో దాదాపు సగం మంది మాట్లాడే భాషకు రాజధానీ నగరంలో దక్కిన మర్యాద అది. ఆ రాత్రియే కొందరు తెలుగువారు టేకుమాల రంగారావు గారి ఇంట సమావేశమై ఆంధ్రజన సంఘాన్ని స్థాపించుకొన్నారు. ఆ సంఘానికి జీవనాడియై నిలిచినవారు హనుమంతరావు గారు.

అవమానం పొందినవాడు కోపంతో ఊగిపోవడం సహజం. పంతులు గారు ఆ కోపాన్ని పనిగా మార్చారు. ఊరూర గ్రంథాలయాలు, పఠన మందిరాలు నెలకొల్పడం, పాఠశాలలు తెరవడం, ప్రజలకు సంబంధించిన చట్టాలను, ప్రభుత్వ ఉత్తరువులను తెలుగులో వివరించి కరపత్రాలు, చిన్న పుస్తకాలు ప్రచురించడం సంఘం కార్యక్రమాలు. వెట్టిచాకిరీ విషయంలో ప్రభుత్వం చేసిన నిబంధనలు ఉర్దూలో ఉండేవి. వెట్టి చేసే వానికి ఉర్దూ రాదు, చేయించే వానికి తెలుపవలసిన అవసరం లేదు. ఆ నిబంధనలను తెలుగులో గ్రామాలకు చేర్చడమే ఒక విధమైన విద్యాదానం. వకీలుగా, అనువాదకులుగా గడించిన అనుభవం వారికి ఇచట అక్కరకు వచ్చింది.

ఇక మన వ్యాసానికి ముఖ్యమైన ఘట్టం పాఠశాల స్థాపన. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. భారతదేశంలో ఒక దేశభాషను ఉన్నత విద్యకు బోధనా మాధ్యమంగా స్వీకరించిన తొలి విశ్వవిద్యాలయం అది. వైద్యం, భౌతికశాస్త్రం, న్యాయం మొదలైన విషయాలను ఉర్దూలో బోధించడానికి అనువాద సంస్థనే నెలకొల్పి గ్రంథాలు సిద్ధం చేయించారు. ఇది సామాన్యమైన సాహసం కాదు. పరభాషలో కంఠస్థం చేసే చదువు కన్న దేశభాషలో అర్థం చేసుకొనే చదువు మేలన్న సూత్రాన్ని ఉస్మానియా ఆచరణలో చూపింది. అయితే ఆ సూత్రం ఉర్దూ ఇంటిభాషగా గల పిల్లలకు వరమైనట్లు తెలుగు, మరాఠీ, కన్నడ పిల్లలకు కాలేదు. పల్లెలోని తెలుగు బాలునికి ఉర్దూ మరొక పరభాషయే. బాలుడైనా కొలువు కొరకు కష్టపడి నేర్చుకొనేవాడు. బాలిక విషయంలో తల్లిదండ్రులు అంత దూరం ఆలోచించేవారు కారు. రాని భాషలో చదువు చెప్పే బడికి ఆడపిల్లను పంపడమెందుకని ఇంటనే నిలిపివేసేవారు.

ఈ పరిస్థితిని గమనించి హనుమంతరావు గారు 1928లో హైదరాబాదులో తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాలను స్థాపించారు. వడ్లకొండ నరసింహారావు గారు మొదలైన మిత్రులు తోడు నిలిచారు. అదే క్రమంగా ఆంధ్ర బాలికోన్నత పాఠశాలగా వృద్ధి చెందింది. బడి తెరవడం ఒక ఎత్తు, దానికి గుర్తింపు సాధించడం మరొక ఎత్తు. ఆడపిల్లలు ఎన్ని తరగతులు చదివినా చివర వ్రాయడానికి ఒక పరీక్ష ఉండాలి, ఆ పరీక్షకు ఒక విశ్వవిద్యాలయం విలువ కట్టాలి. ఉస్మానియా పరిధిలో తెలుగు మాధ్యమానికి తావు లేదు. మాధ్యమం మార్చుకొంటే గుర్తింపు దొరుకుతుంది. కాని అప్పుడు పాఠశాల ఎవరి కొరకు పుట్టిందో వారికే కాకుండా పోతుంది. మాధ్యమం నిలుపుకొంటే పిల్లల చదువు ఏ పత్రమూ లేని చదువు అవుతుంది. పంతులు గారి ముందు నిలిచిన చిక్కు ఇది.

ఈ చిక్కును విడదీసిన ఉపాయం చూడండి. కార్వే పండితులు 1916లో మహారాష్ట్రంలో మహిళా విశ్వవిద్యాలయాన్ని స్థాపించి ఉన్నారు. అచట మాతృభాషలలో బోధన, పరీక్ష సాగుతాయి. పంతులు గారు తమ పాఠశాలకు ఆ విశ్వవిద్యాలయంతో సంబంధం కల్పించారు. హైదరాబాదులో తెలుగు బాలిక తెలుగులో చదివి, పూనా నుండి వచ్చిన పరీక్షను తెలుగులో వ్రాసి ఉత్తీర్ణురాలు కాగలిగింది. 1921లో తెలుగు మాట గేలికి గురియైన సభకు అధ్యక్షులుగా ఉన్న కార్వే గారి విద్యాసంస్థయే ఏడెనిమిదేళ్ళు గడిచేసరికి తెలుగు బాలికలకు ఆసరా అయింది. ఆ సభలోని అల్లరికి మరాఠీ వారందరినీ బాధ్యులుగా ఎంచి ముఖం త్రిప్పుకొని ఉంటే ఈ దారి పంతులు గారికి కనిపించి ఉండేది కాదు.

ఈ సందర్భంలో ఒక విషయం దాచరాదు. ఒక బడి తెరచినంత మాత్రాన అందరికీ విద్య అందినట్లు కాదు. ఆనాటి బాలికల పాఠశాలకు వచ్చినవారు ఎక్కువగా నగరంలోని మధ్యతరగతి కుటుంబాల పిల్లలు. అదే కాలంలో అదే నగరంలో భాగ్యరెడ్డివర్మ గారు, అంటరానివారని దూరం చేయబడిన పిల్లల కొరకు వేరుగా పాఠశాలలు నడుపవలసి వచ్చింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన ప్రథమాంధ్ర మహాసభ జరిగినప్పుడు భాగ్యరెడ్డివర్మ గారు పాల్గొనడానికే కొందరు ఛాందసులు అభ్యంతరం చెప్పారు; వామన నాయక్ గారి వంటివారు గట్టిగా నిలబడవలసి వచ్చింది. భాషకు జరిగిన అవమానానికి బాధపడినవారిలోనే కొందరు సాటి మనిషికి జరిగే అవమానాన్ని గుర్తించలేకపోయారు. మహనీయుల కాలాన్ని స్మరించేటప్పుడు ఈ వెలితిని కూడ స్మరించడం న్యాయం. జోగిపేటలో మహాసభతో పాటు నడింపల్లి సుందరమ్మ గారి అధ్యక్షతన మహిళా సభ కూడ జరిగింది. ఆపైన ప్రతి మహాసభతోను మహిళా సభలు జరుగుతూ వచ్చాయి. స్త్రీ విద్య అక్కడి తీర్మానాలలో ప్రధానాంశం. 1935లో సిరిసిల్లలో జరిగిన నాలుగవ ఆంధ్ర మహాసభకు హనుమంతరావు గారు అధ్యక్షులయ్యారు.

పంతులు గారిది మితవాద మార్గం. మహజర్లు సమర్పించడం, అధికారులతో మాట్లాడి ఒప్పించడం, చట్టం అనుమతించిన మేరకు అడుగు వేయడం వారి పద్ధతి. తరువాతి తరం యువకులకు ఇది చాల మందగమనంగా తోచింది. మహాసభ నాయకత్వం క్రమంగా ఉగ్రభావాలు గలవారి చేతికి మారింది. ఎవరి మార్గం సరియైనదన్న చర్చ చరిత్ర విద్యార్థులకు విడిచిపెడుతున్నాము. నిదానంగా నడిచినా వారు నాటిన సంస్థ నిలిచిందన్నది మాత్రం నారాయణగూడ పోయి కంటితో చూడదగిన సత్యం. ఈ ఉద్యమ చరిత్రను వారే తెలంగాణా ఆంధ్రోద్యమము అనే గ్రంథంగా వ్రాసి మనకు అందించారు.

స్వాతంత్ర్యానంతరం గౌరవాలు వారిని వెదకుకొంటూ వచ్చాయి. 1951లో హైదరాబాదు నగరానికి ప్రథమ మేయరుగా ఎన్నికయ్యారు. 1955లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ బిరుదుతో సత్కరించింది. 1956లో ఉస్మానియా విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ప్రదానం చేసింది. ఒకనాడు వారి పాఠశాల మాధ్యమానికి చోటీయజాలని విద్యాపీఠం ఆ పాఠశాల స్థాపకుని ఆ విధంగా గౌరవించింది. 1958 నుండి 1964 వరకు ఆంధ్రప్రదేశ్ శాసనమండలికి అధ్యక్షులుగా ఉన్నారు. 1970 నవంబరు 11వ తేదీన పరమపదించారు. ఆంధ్ర పితామహుడన్న పేరు ప్రజలు ఇచ్చినది.

ఈ చరిత్ర నేటి మనకు ఏమి చెబుతున్నది? పంతులు గారి కాలంలో రాజభాష ఉర్దూ. తెలుగు పిల్ల వెనుకబడింది. 1948 తరువాత ఉస్మానియాలో ఆంగ్లం వచ్చింది. ఉర్దూ పిల్లవాడూ తెలుగు పిల్లవాడూ ఒకే బెంచీపై కూర్చుండి ఒకే విధంగా తడబడవలసి వచ్చింది. ఉన్నత విద్యకు తెలుగులో పాఠ్యగ్రంథాలు సిద్ధం చేయడానికి 1968లో తెలుగు అకాడమీ ఏర్పడింది. 2017లో తెలంగాణ రాష్ట్రమంతటా ఉర్దూ రెండవ అధికార భాష అయింది. 2024 ప్రకటన ప్రకారం గ్రూప్-1 ప్రధాన పరీక్షను ఆంగ్లం, తెలుగు, ఉర్దూ భాషలలో దేనిలోనైనా వ్రాసే వీలు కలిగింది. కాగితం మీద తలుపులు తెరుచుకొన్నాయి. కాని అశోక్‌నగర్ పుస్తకాల దుకాణాలలో ఆంగ్ల గ్రంథాలు దొరికినన్ని తెలుగులో దొరకవు, ఉర్దూలో అంతకంటె అరుదు. పరీక్ష వ్రాసే హక్కు ఒకటి, దానికి సిద్ధం కావడానికి సాధనం ఒకటి. మొదటిది ఉండి రెండవది లేకపోతే ఆ హక్కు అలంకారప్రాయమే అవుతుంది.

కనుక మన కళాశాల పాలక సంఘానికి వినయపూర్వకంగా ఒక మనవి చేస్తున్నాము. మన గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు ఉపయోగపడే తెలుగు, ఉర్దూ గ్రంథాల కొరకు ఒక ప్రత్యేక విభాగం ఏర్పాటు చేయవలెను. లేని గ్రంథాలను మనమే సిద్ధం చేసుకొనవచ్చును. ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన విద్యార్థులు మన మధ్య అనేకులున్నారు. ఆర్థికశాస్త్రం, రాజ్యాంగం, చరిత్ర విషయాల నోట్సును అధ్యాపకుల పర్యవేక్షణలో ఒక భాష నుండి మరొక భాషకు మార్చే పని వారు చేయగలరు. ఇది దానం కాదు. వ్రాసేవానికి విషయం గట్టిపడుతుంది, చదివేవానికి దారి సులభమవుతుంది. గుమాస్తాగా, అనువాదకులుగా జీవితం ఆరంభించిన పంతులు గారు నడిచిన త్రోవ ఇదే.

మిత్రులారా! ఈసారి గ్రంథాలయానికి పోయేటప్పుడు నారాయణగూడ మీదుగా పోయి ఆ పాఠశాల ముందు ఒక్క నిమిషం నిలువండి. సాయంత్రం బడి విడిచే వేళ ఆ గేటు నుండి బయటికి వచ్చే బాలికలను చూడండి. ఆ పేరు అక్కడ ఎందుకున్నదో ఇప్పుడు మీకు తెలుసు.