లీ డి ఫారెస్ట్: తాను కనిపెట్టిందేమిటో తనకే అర్థం కాని ఆవిష్కర్త

పాత వాల్వ్ రేడియో ఉన్న ఇళ్లలో పెరిగినవాళ్లకు ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. స్విచ్ వేయగానే పాట వచ్చేది కాదు. వెనక అట్టకున్న చిల్లుల్లోంచి చూస్తే గాజు బల్బులు మెల్లగా ఎర్రబడటం కనిపించేది. అవి వేడెక్కాకే రేడియో పలికేది. ఆ బల్బుకు చిన్న శబ్దాన్ని పెద్దది చేసే శక్తినిచ్చిన వ్యక్తి అమెరికాకు చెందిన లీ డి ఫారెస్ట్. అయితే అది ఎలా పనిచేస్తోందన్న విషయంలో ఆయన పొరబడ్డారు. ఆ పొరపాటు ఆయన జీవితాన్నే మలుపు తిప్పింది.

డి ఫారెస్ట్ 1873 ఆగస్టు 26న అయోవా రాష్ట్రంలోని కౌన్సిల్ బ్లఫ్స్‌లో పుట్టారు. తండ్రి క్రైస్తవ బోధకుడు. అలబామాలో నల్లజాతివారి కోసం నడిచే టల్లడేగా కాలేజీకి అధ్యక్షుడిగా వెళ్లడంతో, అక్కడి తెల్లవాళ్లు ఆ కుటుంబాన్ని దూరం పెట్టారు. కొడుకూ బోధకుడు కావాలని తండ్రి ఆశించారు. కొడుకు మాత్రం యంత్రాల వెంటపడ్డాడు. యేల్ విశ్వవిద్యాలయంలో విద్యుత్ తరంగాలపై పరిశోధించి 1899లో డాక్టరేట్ తీసుకున్నాడు.

అది వైర్‌లెస్ టెలిగ్రాఫ్ కొత్తగా వచ్చిన కాలం. సంకేతం దూరం నుంచి వచ్చేసరికి నీరసించిపోయేది. దాన్ని పట్టుకునే పరికరం కోసం అందరూ వెతుకుతున్నారు. 1904లో ఇంగ్లండ్‌లో జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ ఒక దారి చూపారు. గాలి తీసేసిన బల్బులో వేడెక్కే ఫిలమెంట్ ఒకవైపు, లోహపు ప్లేటు మరోవైపు ఉంటాయి. వేడికి ఫిలమెంట్ నుంచి ఎలక్ట్రాన్లు బయటికొస్తాయి. ప్లేటుకు పాజిటివ్ వోల్టేజి ఇస్తే అటు పరుగెత్తుతాయి. కరెంటు ఒక్క దిశలోనే పారుతుంది కాబట్టి దానికి వాల్వ్ అన్న పేరు వచ్చింది. అది సంకేతాన్ని పట్టగలదు కానీ పెంచలేదు.

1906 చివర్లో డి ఫారెస్ట్ ఆ రెండింటి మధ్య మెలికలు తిప్పిన సన్నని తీగను పెట్టించారు. అదే గ్రిడ్. ఆ పరికరానికి ఆడియాన్ అని పేరు పెట్టి, 1908లో పేటెంట్ పొందారు.

గ్రిడ్ చేసే పనిని చెరువు తూముతో పోల్చవచ్చు. తూము తిప్పే మనిషి వాడే బలం కొంచెమే. పొలాల్లోకి పారే నీరు మాత్రం చెరువుది. మైకు నుంచి వచ్చే బలహీనమైన సంకేతాన్ని గ్రిడ్‌కు ఇస్తే, దాని నెగటివ్ వోల్టేజి కాస్త పెరిగినప్పుడు ఎలక్ట్రాన్ల ప్రవాహం తగ్గుతుంది, కాస్త తగ్గినప్పుడు ప్రవాహం పెరుగుతుంది. ప్లేటు దగ్గర అదే సంకేతం పెద్దదై కనిపిస్తుంది. పెరిగిన ఆ శక్తి సంకేతం నుంచి రాదు, విద్యుత్ సరఫరా నుంచి వస్తుంది. ఆడియో ఆంప్లిఫయర్‌కు మూలసూత్రం ఇదే.

డి ఫారెస్ట్ ఆలోచన వేరు. బల్బులో మిగిలిన వాయువే కరెంటును మోస్తోందని ఆయన నమ్మారు. అందుకే కొంత వాయువును అలాగే ఉండనిచ్చారు. దాంతో ఒక బల్బు పనిచేసినట్టు మరొకటి పనిచేసేది కాదు. వోల్టేజి పెంచితే లోపల నీలి వెలుగు వచ్చి శబ్దం చెడిపోయేది.

1912లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో పనిచేస్తూ, ఒక ఆడియాన్ వెనక మరొకటి కలిపి శబ్దాన్ని పెంచవచ్చని ఆయన బృందం చూపింది. దూరపు టెలిఫోన్ లైన్లలో మాట సన్నగిల్లిపోతున్న ఏటీ అండ్ టీ కంపెనీకి కావలసింది అదే. ఆ సంస్థ ఇంజినీర్ హెరాల్డ్ ఆర్నాల్డ్ నీలి వెలుగును చూసి లోపం ఎక్కడుందో గ్రహించారు. వాయువు సాయం చేయడం లేదు, అడ్డుపడుతోంది. బల్బును దాదాపు పూర్తిగా ఖాళీ చేయాలి. 1913లో కంపెనీ తన పేరు బయటపడకుండా ఒక న్యాయవాది ద్వారా 50,000 డాలర్లకు టెలిఫోన్ హక్కులు కొంది. మెరుగుపరచిన ట్యూబులతో 1915 జనవరి 25న న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కోల మధ్య టెలిఫోన్ మాట నడిచింది.

ఈలోగా డి ఫారెస్ట్ కోర్టు బోనెక్కారు. ఆయన కంపెనీ షేర్ల అమ్మకంలో మోసం జరిగిందన్నది కేసు. ఆడియాన్ ఎందుకూ కొరగాని వస్తువని ప్రాసిక్యూషన్ వాదించింది. ఆ వస్తువుకే టెలిఫోన్ కంపెనీ అంతకుముందే సొమ్ము చెల్లించి ఉంది. సహచరుల్లో కొందరికి శిక్ష పడింది. 1914 మొదట్లో ఆయన నిర్దోషిగా బయటపడ్డారు.

అసలు పోరు తర్వాత వచ్చింది. కొలంబియా విశ్వవిద్యాలయ విద్యార్థి ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఆడియాన్‌ను ఓపికగా కొలిచి, దాని పనితీరును సరిగ్గా వివరించాడు. ప్లేటు దగ్గరి సంకేతంలో కొంత భాగాన్ని తిరిగి గ్రిడ్‌కు పంపితే బలం ఎన్నో రెట్లు పెరుగుతుందనీ కనిపెట్టాడు. ఆ ఆలోచన ముందు తనదేనని డి ఫారెస్ట్ దావా వేశారు. ఏళ్ల తరబడి నడిచిన వ్యాజ్యంలో 1934లో అమెరికా సుప్రీంకోర్టు డి ఫారెస్ట్ పక్షాన తీర్పిచ్చింది. ఇంజినీర్లలో ఎక్కువమంది దాన్ని ఒప్పుకోలేదు. తనకిచ్చిన పతకాన్ని ఆర్మ్‌స్ట్రాంగ్ తిరిగి ఇవ్వబోతే వారి సంఘం తీసుకోలేదు.

డి ఫారెస్ట్ సినిమాకూ మాట నేర్పారు. ఫిలిం అంచునే శబ్దాన్ని ముద్రించే ఫోనోఫిల్మ్‌ను 1923లో న్యూయార్క్‌లో ప్రదర్శించారు. హాలీవుడ్ ఇతరుల పద్ధతులను ఎంచుకుంది. ఆస్కార్ గౌరవ పురస్కారం 1960లో గానీ ఆయనకు దక్కలేదు. 1950లో వచ్చిన ఆత్మకథలో తనను రేడియో పితామహుడిగా ఆయనే ప్రకటించుకున్నారు. అప్పటికే, 1947లో, ఏటీ అండ్ టీకి చెందిన బెల్ ల్యాబ్స్‌లో ట్యూబును పక్కకు నెట్టబోయే ట్రాన్సిస్టర్ పుట్టింది. 1961 జూన్ 30న హాలీవుడ్‌లో కన్నుమూసేనాటికి ఆయనకు చెప్పుకోదగ్గ ఆస్తి మిగల్లేదు.

గిటార్ ఆంప్లిఫయర్లలోనూ, సంగీతప్రియుల ఇళ్లలోనూ ట్యూబులు నేటికీ వెలుగుతున్నాయి. వాటి గురించి నేర్చుకునేవారికి మొదటి పాఠం ఫిలమెంట్ నుంచి ప్లేటుకు ఎలక్ట్రాన్లు ఖాళీ చోటును దాటి ఎలా వెళ్తాయన్నదే. గ్రిడ్‌ను కనిపెట్టిన మనిషి తడబడింది కూడా అక్కడే.