యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు కృతార్థుడయ్యెను. మదరాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్ల ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు అంతకంటె తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టమునే పొందెను. స్ప్రూ అను వ్యాధి సోదరుని బలిగొనుటచే, రోగములకు మందులు కనుగొనవలెనను పట్టుదల ఆయనలో స్థిరపడెను.

పిమ్మట సుబ్బారావు అమెరికాలోని బోస్టను నగరము చేరెను. ఆస్పత్రిలో చిన్న కొలువు చేయుచు హార్వర్డు విశ్వవిద్యాలయమున పరిశోధనలు సాగించెను. 1940లో లెడర్లీ ఔషధ సంస్థలో చేరెను. ఆయన నాయకత్వమున శాస్త్రజ్ఞులు 1945లో స్ప్రూ వ్యాధికి ఉపకరించు ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి.

కణములు వృద్ధిచెందుటకు ఈ ఆమ్లము అవసరము. దానిని పోలి, దాని పనిని అడ్డగించు అమినాప్టెరిన్ అను మందును కూడ వారు రూపొందించిరి. రక్త క్యాన్సరుతో కృశించుచున్న 16 మంది పిల్లలకు సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు దానినిచ్చెను. వారిలో 10 మందికి వ్యాధి కొంతకాలము తగ్గెనని 1948 జూనులో ప్రకటించెను. ఆ ఆగస్టులోనే సుబ్బారావు తన 53వ యేట మరణించెను.

తరువాత పలు మందులను కలిపి వాడుటచే అనేకులు పూర్తిగా స్వస్థులైరి. కాని వారు పెరిగి పెద్దవారైన పిదప కొందరికి వేరొక క్యాన్సరు పుట్టుట వైద్యులు గమనించిరి. రోగకణములను చంపు కిరణములును, కొన్ని మందులును ఆరోగ్యకరమైన కణములకు సైతము హాని కలిగించుటయే ఇందుకొక ముఖ్య కారణము. తలకు కిరణ చికిత్స పొందిన కొందరు పిల్లలకు ఏండ్లు గడచిన పిమ్మట మెదడులో కణుతులు ఏర్పడెను. అందుచే వైద్యులు ఆ కిరణములను చాలవరకు తగ్గించి, వెన్నునీటిలోనికి మెథోట్రెక్సేటు అను మందు ఎక్కించు పద్ధతి నవలంబించిరి. ఈ మందు సుబ్బారావు బృందము కృషి ఫలితమే! తొలి వ్యాధిని మాన్పుటకు దారి చూపిన ఆయన పరిశోధన, రెండవ వ్యాధిని నివారించుటకును తోడ్పడినది.

నేడు చోడవరము ప్రాంతపు బిడ్డకు ఇట్టి వ్యాధి సోకినచో, విశాఖపట్టణము చెంత అగనంపూడిలోనే హోమీ భాభా క్యాన్సరు ఆస్పత్రి కలదు. అయినను, వ్యాధి నయమైనదని ఊరకుండరాదు. పొందిన చికిత్స వివరముల కాగితములను భద్రపరచుకొని, పెద్దవారైన పిదపను వైద్యుని సలహా ప్రకారము పరీక్షలు చేయించుకొనవలెను. మహనీయుడు ప్రసాదించిన ఆయుర్దాయమును కాపాడుకొనుట మన కర్తవ్యము.